పండుగ పెట్టెల్లో బంగారు పీలికలు

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల నెరవాలంటారు. నాకింకా నెరవలేదు. కానీ ఒక ఉద్యోగం నుంచి మాత్రం పూర్తిగా రిటైరయ్యాను. నన్ను చేయించారు అనడం ఇంకా సరిగ్గా ఉంటుంది. మీలో ఎవరైనా రేపో మాపో "స్కూల్ కోఆర్డినేటర్" అనే మెడ పట్టీ వేసుకుని కంపెనీ తరఫున బడి మెట్లు ఎక్కబోతుంటే, ఇది మీకోసమే.

మాది ప్యాకింగ్ పెట్టెల కంపెనీ. మిఠాయి డబ్బాలు, చీరల పెట్టెలు, నగల పెట్టెలు చేసేది. ఫ్యాక్టరీ ఊరి బయట. పాతబస్తీలో, నయాపూల్ దగ్గర పాత గల్లీలో ఒక పెళ్లి కార్డుల ప్రెస్సు కూడా కంపెనీదే. హుస్సేనీ ఆలం వైపు ఉన్న ఒక ఆడపిల్లల బడితో కంపెనీ మూడేళ్ల ఒప్పందం చేసుకుంది. ఎనిమిదో తరగతిలో కొంతమంది పిల్లల్ని తీసుకుని, టెన్త్ అయ్యేదాకా వాళ్లతోనే ఉండాలి. వాళ్లు చిన్న వ్యాపారం నడపాలి. ఆర్డరు తెచ్చుకోవడం, పెట్టెలు చేయడం, అమ్మడం, గొడవలు తీర్చుకోవడం, అన్నీ వాళ్లే. మూడేళ్లు నిలబడ్డ పిల్లల్ని చివర్లో కంపెనీ ఇంటర్వ్యూ చేసి, నచ్చినవాళ్లను తన ఖర్చుతో ప్రింటింగ్ డిప్లొమా చదివిస్తుంది.

ఒకరోజు వచ్చి "కలలు కనండి" అని చెప్పి, ఫొటో దిగి, సమోసా తిని పోయే పథకం కాదు. అందుకే చేరాను.

నేను లాల్‌దర్వాజాలో పుట్టి పెరిగాను. కోపం నాకు ముక్కు మీద ఉండదు, ఇంకా ముందుకే ఉంటుంది, ముక్కు కంటే ముందు అదే గుమ్మం దాటుతుంది. చేతిలో ఎప్పుడూ ఫోను. "నిద్రల గూడ స్క్రీన్ గీకుతున్నట్టు ఏలు ఆడిస్తవే" అంటుంది మా అమ్మ.

పిల్లల్లో ఇద్దరి గురించి చెప్పాలి. ఒక అమ్మాయిని వాళ్లే ఓటేసి మేనేజర్‌ని చేసుకున్నారు. తండ్రి చెప్పుల దుకాణంలో సేల్స్‌మన్. ఆ పిల్ల గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు జరిగిపోయేది. రెండో అమ్మాయిది మా లాల్‌దర్వాజానే, పాలవాళ్ల పిల్ల. పెట్టె మూలలు సరిగ్గా కుదిరాయా, రిబ్బను వంకర పోయిందా చూడటం ఆమె పని. బాగాలేని పెట్టెను "ఇది దున్నపోతు ఎక్కి దిగినట్టున్నది" అని పక్కన పడేసేది. ఇద్దరికీ క్షణం పడదు, క్షణం విడిచి ఉండలేరు.

మేనేజర్ పిల్లను ప్రాజెక్టులో చేర్చడానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు తండ్రి గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు.

"మేడం, సీదా చెప్తున్న. పెద్దపిల్లను టెన్త్ తోనే ఆపిన. దీన్ని గూడ ఆపుతుంటి. మీరు కంపెనీ చదివిపిస్తదంటున్నరు. సీటొస్తే పంపుత, మాటిస్తున్న, నా జబాన్. రాకపోతే ఇంట్ల ఉంటది. అప్పుడొచ్చి నన్ను బతిమాలొద్దు."

"వస్తది భాయ్. నేనున్న కదా" అన్నాను.

"నేనున్న" అనే మాట ఎంత తేలిగ్గా వస్తుందో!

అందరూ తొమ్మిదో తరగతికొచ్చారు. ఆ ఏడాది ఉగాది, రంజాన్ పండుగ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. నయాపూల్ వ్యాపారుల సంఘం రెండు పండుగలకూ కలిపి సభ్యులందరికీ డ్రైఫ్రూట్స్ పెట్టెలు పంచాలనుకుంది. ఆ పెట్టెల ఆర్డరు మా పిల్లలు అడిగి తెచ్చుకున్నారు. సంఘం అధ్యక్షుడు బట్టల వ్యాపారి, అందరూ సేఠ్ అంటారు. ఆయన పక్కన ఎప్పుడూ కార్యదర్శి ఉంటాడు, డ్రైఫ్రూట్స్ దుకాణం భాయ్. డ్రైఫ్రూట్స్ ఆయన దుకాణం నుంచే వచ్చాయి, మా పిల్లలు పెట్టెల్లో సర్దారు. మా కంపెనీ మిఠాయి డబ్బాలు, బట్టల పెట్టెలు ఏడాది పొడవునా కొనేది కూడా ఈ సంఘం దుకాణాలే. అందుకే మా మేనేజర్ సార్ ఈ ఆర్డరు మీద చాలా ప్రేమగా ఉన్నాడు.

పెట్టెలో డ్రైఫ్రూట్స్ కదలకుండా కింద మెత్తగా ఏదైనా పరవాలి. ప్రెస్సులో మిగిలిన కాగితాన్ని సేమ్యాలంత సన్నగా చీల్చి వాడదామని పిల్లలే అన్నారు. సార్ ఎగిరి గంతేశాడు. చీల్చే మెషీన్ కొని ప్రెస్సులో పెట్టించాడు. ప్రతి వారం సంచుల నిండా తెల్లవీ రంగువీ పీలికలు బడికి వచ్చేవి. చివరి విడతలో మాత్రం బంగారు రంగు పీలికలు వచ్చాయి. పిల్లలు పండుగ చేసుకున్నారు. తెల్లవాటిని అడుగున పరిచి, బంగారువి పైన పోశారు. మూత తీస్తే ధగధగ. నేను రీల్ తీశాను. కంపెనీ దాన్ని తన పేజీలో పెట్టుకుంది, "వృథా నుంచి పండుగ" అని రాసి.

పంచే రోజు పొద్దున నేను స్కూటీ మీద ఉన్నాను. ఫోను హెల్మెట్‌లో ఇరికించుకుని ఉన్నాను, అలవాటు. మేనేజర్ పిల్ల ఫోన్ చేసింది.

"మేడం, ఏడున్నరు?"

"బండి మీదున్న. చెప్పు."

"ఆపుండ్రి మేడం. ఆపి వినుండ్రి."

ఆ పిల్ల నాతో అట్లా ఎప్పుడూ మాట్లాడలేదు. పక్కకు ఆపాను.

"బంగారు కాయితాలల్ల దేవుడున్నడు మేడం."

ఒంటిపూట బడి రోజులు. నేను వెళ్లేసరికి ఇద్దరూ క్లాసు గదిలో బల్ల ముందు నిలబడి ఉన్నారు. పాలవాళ్ల పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి. ముందు రోజు మిగిలిన పీలికలు కొన్ని ఇంటికి తీసుకెళ్లి, ఉగాదికని గుమ్మానికి అంటించబోయిందట. వాళ్ల నాయనమ్మ ఒక పీలిక ఎత్తి చూసి, కళ్లకద్దుకుని, "ఏందే ఇది, గణపతిని కోసి సేమ్యాలు చేసిన్రా?" అని అరిచిందట.

బల్ల మీద పీలికలు పక్కపక్కన పేర్చి ఉన్నాయి. రెండు కలిపితే తొండం. ఇంకో రెండు కలిపితే కన్ను. పక్కనే మేనేజర్ పిల్ల వేరే వరుస పేర్చింది. అక్కడ పెళ్లి కార్డు పైన ఉండే బిస్మిల్లా అక్షరాలు, నిలువునా చీలి ఉన్నాయి.

"ఇవే అన్ని పెట్టెలల్ల ఉన్నయి మేడం" అంది.

పెట్టెలు ముందు రోజే సంఘం హాలుకు చేరాయి.

ప్రెస్సు గురించి మీకో మాట చెప్పాలి. పెళ్లి కార్డు పైన దేవుడి బొమ్మో, దేవుడి పేరో బంగారు రంగులో ఉంటుంది. అచ్చు చెడిపోయిన కార్డుల్ని చెత్తలో వేయరు. గోడ మీద ఎత్తుగా ఒక మేకు, దానికి తెల్ల గుడ్డ సంచి. అన్నీ అందులోకే, ఏ మతానిదైనా. నిండాక ప్రెస్సులో అందరికంటే పెద్దాయన, మేం చాచా అనేవాళ్లం, దాన్ని ఊరి బయటికి తీసుకెళ్లి పారే నీళ్లలో వదిలి వస్తాడు. ఎవరూ రాసిన నియమం కాదు. పాతబస్తీలో ఎవరికీ చెప్పాల్సిన పనీ లేదు.

చాచాకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎత్తడు కూడా. రంజాన్ ఆఖరి పది రోజులు ఆయన మసీదు దాటి బయటికి రాడు, అక్కడే ఉండి ఇబాదత్, ప్రార్థనలు చేసుకుంటాడు. ప్రతి ఏడాదీ అంతే. ప్రెస్సులో మెషీన్ నడిపే అన్నకు చేశాను.

"అన్నా, చాచా సంచి ఏమైంది?"

మెషీన్ ఆపిన చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "మేనేజర్ సార్ వచ్చిండు గద పోయిన వారం. గోడకు సంచులేంది, ప్రెస్సా కిరాణ దుకాణమా, ఒక్కటి కనపడొద్దు, అన్నీ మెషీన్ల ఎయ్యిండ్రి అన్నడు. నేను అన్న, సార్ అది గట్ల కాదు అని. చెప్పింది చెయ్ అన్నడు. చాచా ఉంటే సంచికి అడ్డం నిలబడుతుండె. ఆయన మసీదుల కూసుండె. నేనెంతటోన్ని?"

సార్‌కు చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. ఆయనది ఈ ఊరు కాదు. తెలివైనవాడే, కష్టపడేవాడే. విషయం చెప్పాను. నవ్వాడు.

"అది అడుగున వేసే కాగితమమ్మా. బాదం తీసుకుంటారు, కాగితం పారేస్తారు. ఎవరు చూస్తారు?"

"పారేస్తరు సార్! అదే నేను చెప్పేది. మోరీల పారేస్తరు, చెత్తబండిల ఏస్తరు. దానిమీదికెల్లి మంది నడుస్తరు. ఎవడన్న ఒక్కడు చూసి వీడియో తీస్తే? రెండు పండుగల ముంగట? మీకు ఈ ఊరు తెల్వదు సార్."

"నువ్వు అరవకు."

"ముందుగాల మన పేజీల ఉన్న రీల్ తీసేయుండ్రి. ఎవరన్న ఆపి చూస్తే కనపడతది."

"హెడ్ ఆఫీసు వాళ్లు మెచ్చుకున్న వీడియో అది. తీసేస్తే ఎందుకని అడుగుతారు. విను, నువ్వు పోయి పెట్టెలు ఆపితే సంఘం కంప్లయింట్ ఇస్తుంది. కంప్లయింట్ వస్తే ఈ నెలతో ప్రాజెక్టు బంద్. డిప్లొమా సీట్లు కూడా బంద్. నీ పిల్లల కోసమే చెప్తున్నా. నేను సాయంత్రం ఫొటోలకు వస్తా." పెట్టేశాడు.

స్పీకర్‌లో పెట్టి మాట్లాడాను. అదీ అలవాటే. పిల్లలిద్దరూ అంతా విన్నారు.

మేనేజర్ పిల్ల బల్ల మీద పీలికల్ని ఒక్కొక్కటే ఎత్తి రుమాలులో పెడుతోంది. "చెప్తే సీటు పోతది. అంతేనా మేడం?"

నేనూ ఒక పీలిక ఎత్తి రుమాలులో పెట్టాను.

"మరి చెప్పకపోతే?" అంది మళ్లీ, తనను తానే అడిగినట్టు.

పాలవాళ్ల పిల్ల ముక్కు చీది అంది. "మా నాయనమ్మ లాల్‌దర్వాజ మొత్తం చెప్తది. పాలు పోసుకుంట ఇంటింటికి చెప్తది. గామె ముంగట మీ వాట్సాప్ ఏం పని చెయ్యదు."

ఆ స్థితిలో కూడా నవ్వొచ్చింది. మేనేజర్ పిల్ల నవ్వలేదు. రుమాలు మూట కట్టి లేచింది. "పోదాం మేడం. నేనే చెప్త."

పెద్ద మేడం, అంటే హెడ్మాస్టరమ్మ, ఒక్క నిమిషంలో అనుమతి ఇచ్చింది. "వాళ్ల ఇండ్లకు నేను ఫోన్ చేస్త. పోండ్రి. నువ్వు మాత్రం నోరు కట్టేస్కొని పో" అని నాకు వేరుగా చెప్పింది.

ముగ్గురం ఆటో ఎక్కాం. పండుగ రద్దీ. ఆటో అంగుళం అంగుళం కదులుతోంది. నేను ఫోన్‌లో కంపెనీ పేజీ తెరిచి చూస్తూనే ఉన్నాను. రీల్ కింద కామెంట్లు పెరుగుతున్నాయి. "సూపర్", "ఎక్కడ దొరుకుతాయి", చప్పట్ల గుర్తులు. ప్రతి కొత్త కామెంటునూ తెరిచి చదివేదాన్ని. ఎవడో ఒకడు ఆపి, పెద్దది చేసి చూస్తాడు. చూసినవాడు మాకు ఫోన్ చేసి అడగడు కదా.

సంఘం హాలు మార్కెట్ కాంప్లెక్స్‌లో పై అంతస్తు. పెట్టెలు గోడ పొడవునా పేర్చి ఉన్నాయి, ఎర్ర రిబ్బన్లతో. సంఘం వాళ్లు కొందరు అప్పటికే వచ్చి కుర్చీల్లో ఉన్నారు. సాయంత్రం అసర్ నమాజ్ అయ్యాక పంచడం మొదలు. సేఠ్ మమ్మల్ని చూసి చేతులు చాచాడు.

"ఆయియే ఆయియే, చిన్న సేఠానీలు! పెట్టెలు మస్తున్నయి. మా కోడలు ఇంటికొకటి ముందే తెమ్మన్నది."

"ఇచ్చిన్రా సేఠ్?" మేనేజర్ పిల్ల గబుక్కున అడిగింది.

"యాడ! భాయ్ ఇయ్యనిస్తడా? రూల్స్ మనిషి."

కార్యదర్శి భాయ్ అద్దాలు సర్దుకున్నాడు. "అధ్యక్షుడే ముందు తీస్కుంటే మిగిలినోళ్లు ఊకుంటరా?"

మేనేజర్ పిల్ల ముందుకు వెళ్లి రుమాలు మూట వాళ్ల ముందు బల్ల మీద విప్పింది. ఉపోద్ఘాతం లేదు.

"సేఠ్, మా తరఫుకెల్లి చానా పెద్ద తప్పయింది. పెట్టెలల్ల పరిచిన కాయితాలు మామూలువి కావు. పెండ్లి కార్డులవి. పైన దేవుడి పేర్లుండేటి ముక్కలు. గణపతి ఉన్నడు. బిస్మిల్లా ఉన్నది. మాకు పీలికలయి వచ్చినయి, తెల్వలే. ఇయ్యాల్లనే తెలిసింది."

భాయ్ ఒక పీలిక ఎత్తి, వెలుతురుకు పెట్టి చూశాడు. పెదాలు కదిలాయి. సేఠ్ ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది.

వెనక కుర్చీలోంచి ఒకాయన లేచాడు. "ఏందది? ఏం జేసిన్రు? దేవుని బొమ్మలు కోసిన్రా?" అంటూనే ఫోన్ తీసి పైకెత్తాడు. ఇంకొకడు దగ్గరున్న పెట్టె రిబ్బన్ లాగేశాడు. మూత తీస్తే బంగారం ధగధగలాడింది.

ఫోన్ ఎత్తిన చెయ్యి ఏం చేయబోతుందో నా అంత బాగా ఆ హాలులో ఎవరికీ తెలియదు. నేను ఒక్క ఉరుకున వెళ్లి ఆయన ఫోను ముందు నిలబడ్డాను. "దించు అన్నా! దించు! పిల్లలు నిలబడి చెప్తుంటే వీడియో తీస్తవా? సిగ్గులేదా?"

"నన్నే అంటవా? తప్పు మీది పెట్టుకొని?"

"దించుమన్న నా..."

"బస్!" సేఠ్ అరిచాడు. అంత మనిషి నుంచి అంత గొంతు వస్తుందనుకోలేదు. "షటర్ దింపుండ్రి. ఫోన్లన్నీ ఈ తాంబాళంల పెట్టుండ్రి. అందరియి."

షటర్ సగం దిగింది. ఒక్కొక్కరూ గొణుక్కుంటూ ఫోన్లు తెచ్చి ఇత్తడి తాంబాళంలో పెట్టారు. వీడియో తీయబోయినాయన అందరికంటే చివర పెట్టాడు. కాదు, చివర నేను. సేఠ్ నా చేతి వైపు చూస్తూ ఉండిపోయాడు.

"నాది గూడనా సేఠ్? మా సార్ ఫోన్ చేస్తడు..."

"నీదే ముందు పెట్టాల్సింది బేటీ."

పెట్టాను. చెయ్యి ఖాళీ అయ్యాక ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సేఠ్ మేనేజర్ పిల్ల వైపు తిరిగాడు. గొంతులో దయ లేదు, కోపం లేదు, వ్యాపారం ఉంది. "మీరు చెప్పకుంటే నాకు తెల్వకపోవు. ఎందుకు చెప్పినవ్?"

"మీరు ఇండ్లకు తీస్కపోతరు. ఆడికెల్లి మోరీల పడతయి. దానికన్న మీరు తిట్టుడే నయం."

"ఇప్పుడేం జేస్తవ్?"

"అన్ని ఇప్పి, ఏరి, మళ్ల కడ్తం. మీరు ఒప్పుకుంటే."

"పంచేది అసర్ తర్వాత. ఎప్పటికైతది?"

ఆ పిల్ల గోడ పొడవునా ఉన్న పెట్టెల్ని చూసింది. కుర్చీల్లో ఉన్నవాళ్లను చూసింది. "మేం ఇద్దరమైతే రేపటిదాక. మీరందరు కూసుంటే అసర్ వరకు అయితది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత భాయ్ గట్టిగా నవ్వాడు. "సుబ్‌హానల్లా! మనకే డ్యూటీ ఏసింది!" కుర్చీలోంచి దిగి, మోకాళ్లు పట్టుకుంటూ నేల మీద కూర్చున్నాడు. "పరువుండ్రి ఒక తెల్ల చాదర్. సేఠ్, మీకు వేరే చెప్పాల్నా? మోకాలు నొప్పి నాకే ఉన్నదా?"

ఇంక అందరూ దిగక తప్పలేదు. సేఠ్ దుకాణం నుంచి తెల్ల బట్ట తాను తెప్పించారు. నేల మీద పరిచి పెట్టెలు విప్పడం మొదలుపెట్టాం. పీలికలు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి. ఎవరో పెద్దమనిషి, వీటిని వేరు చెయ్యాలి గదా, మీవి మీకు మావి మాకు అన్నాడు. భాయ్ రెండు పీలికలు విడదీయబోయి, కుదరక వదిలేశాడు. "సేమ్యాల్ల ఏ పోగు ఎవరిదని చూస్తం భాయ్? ప్రెస్సుల గూడ ఒక్క సంచిలనే ఉంటుండె. ఒక్క గుడ్డలనే కడదాం."

ఆ పెద్దమనిషి తన ముందున్న రెండు కుప్పల్నీ ఒకటి చేశాడు.

పాలవాళ్ల పిల్ల వరుస వెంట తిరుగుతూ తనిఖీ చేసింది. వీడియో తీయబోయినాయన విప్పిన పెట్టెను తిప్పి చూసి, మూలలో ఇరుక్కున్న బంగారు పోగును చూపించింది. "అంకుల్, గిది మిగిలింది. కండ్లద్దాలు తెచ్చుకోలేదా?" ఆయన కిక్కురుమనకుండా తీశాడు. మేనేజర్ పిల్ల రోజాలో, రంజాన్ ఉపవాసంలో ఉంది. పెదాలు ఎండిపోయి తెల్లబడ్డాయి. అయినా వంచిన తల ఎత్తలేదు. బంగారు పీలికల స్థానంలో సేఠ్ దుకాణం నుంచి తెచ్చిన రంగుల బట్ట ముక్కలు పరిచి మళ్లీ రిబ్బన్లు కడుతోంది.

అసర్ అజాన్ వినిపించేసరికి ఇంకా కొన్ని పెట్టెలు మిగిలే ఉన్నాయి. నమాజ్‌కు వెళ్లాల్సినవాళ్లు వెళ్లారు. మిగిలినవాళ్లు చేతులు ఆపలేదు. చాచా వచ్చాక పారే నీళ్లలో వదలడానికని తెల్ల బట్ట నాలుగు కొంగులూ కలిపి మూట కట్టే సమయానికి షటర్ మీద దబదబ కొట్టారు.

మా సార్. వెంట ఫొటోగ్రాఫర్.

లోపలికి వంగి వచ్చాడు. నేల మీద విప్పిన పెట్టెలు, దుమ్ము కొట్టుకుపోయిన పెద్దమనుషులు, తాంబాళం నిండా ఫోన్లు. ఆయనకు అర్థమైంది. తప్పించుకునే దారి వెతుక్కునే మనిషి ముఖం ఎలా ఉంటుందో అప్పుడే దగ్గర నుంచి చూశాను. వెంటనే సేఠ్‌కు చేతులు జోడించాడు.

"క్షమించండి సార్. పిల్లలు కదా, చూసుకోకుండా ఏదో వేసేశారు. మేము చర్య తీసుకుంటాం. వచ్చే ఏడాదికి ఇంకా క్రమశిక్షణ ఉన్న బడిని చూస్తాం. ఈ బ్యాచ్‌ను ఇక్కడితో ఆపేస్తాం."

మేనేజర్ పిల్ల చేతిలో రిబ్బను ఆగిపోయింది. ఆమె సార్ వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఆ చూపులో "మాట్లాడండి" అనే ఉందో, "మాట్లాడొద్దు" అనే ఉందో ఇప్పటికీ చెప్పలేను. నేను మొదటిదే అనుకున్నాను.

"పిల్లలు ఏసిన్రా?" అన్నాను. "పిల్లలు ఏసిన్రా సార్? చాచా సంచి మేకు మీదికెల్లి దింపుమన్నది ఎవరు? అది గట్ల కాదు సార్ అని మెషీన్ అన్న చెప్తే, చెప్పింది చెయ్ అన్నది ఎవరు? పొద్దుగాల నేను ఫోన్ల మొత్తుకుంటే ఎవరు చూస్తరు అన్నది ఎవరు? పొద్దుగాల్నుంచి పిల్ల ఉపాసముండి మీ తప్పు ఏరుతున్నది. మీరొచ్చి దాన్నే ఆపుతం అంటున్నరు. రీల్ ఇంకా పేజీల ఆడుతున్నది. అది మీకు మెచ్చుకోలు!"

ఇంకా చాలా అన్నాను. అన్నీ రాయను. మా అమ్మ చదువుతుంది.

ఆయన ముఖం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. కస్టమర్ల ముందు, ఫొటోగ్రాఫర్ ముందు, నేల మీద కూర్చున్న అందరి ముందు. ప్రాజెక్టును నా నోటితోనే ముగించేశానని అప్పుడు అర్థమైంది. మేనేజర్ పిల్ల తల వంచేసుకుంది.

సేఠ్ నెమ్మదిగా లేచి బట్టలు దులుపుకున్నాడు. "కుర్చీల కూసోండ్రి సార్. నీళ్లు తాగుతరా? మేం తాగుతలేము, మా భాయ్‌లు రోజాల ఉన్నరని. మీరు తాగుండ్రి." సార్ కూర్చోలేదు. "ఒక్క సంగతి. ఆర్డరు మేం మీకియ్యలే. ఈ పిల్లలకిచ్చినం. వచ్చే ఏడాది గూడ వీళ్లకే ఇస్తం. వీళ్లు మీ దగ్గరుంటే మా దుకాణాల డబ్బాలు, పెట్టెలు మీ దగ్గర్నే. లేకుంటే డబ్బాలు చేసేటోళ్లు బేగంబజార్ల మస్తుమంది ఉన్నరు. ఇంక వీడియో అంటున్నది మీ అమ్మాయి, గది మా ముందట తీసేయుండ్రి."

సార్ తన ఫోను తీసి, మా అందరి ముందు తన వేలితోనే ఆ రీల్ తీసేశాడు.

తరువాతి వారం నాకు వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, "మీ సేవలు ఇక అవసరం లేదు" అని. చదివినట్టు నీలం గీతలు పడకముందే తిట్టొకటి టైప్ చేశాను. పంపలేదు. నా జీవితంలో పంపని తిట్టు అదొక్కటే.

ప్రాజెక్టు మాత్రం నడిచింది. సంఘం డబ్బాల లెక్క సార్‌కు బాగా తెలుసు. కొత్త కోఆర్డినేటర్ వచ్చాడు. మేనేజర్ పిల్ల తండ్రి మాత్రం ఒకసారి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

"మేడం, మీ నౌకరి పోయిందట గద. మీరిచ్చిన మాట ఇప్పుడు ఎవరి దగ్గరున్నది?"

"అడిగి చెప్త భాయ్" అన్నాను. ఎవర్ని అడగాలో నాకే తెలియదు. ఇంటర్వ్యూ చేసేది ఆ సారే. నేను తిట్టిన ప్రతి మాటా ఆయనకు గుర్తుంటుంది. ఆ పిల్ల ఎదురుగా కూర్చుంటే గుర్తు రాకుండా ఉంటుందా? టెన్త్ ఏడాది పొడవునా నాకు ఇదే కలవరం. ఆ పిల్ల మెసేజ్ పెడితే గబుక్కున తెరిచేదాన్ని. "పరీక్షలు మంచిగ రాసిన మేడం" అని ఉండేది. సీటు మాట ఉండేది కాదు.

ఇంటర్వ్యూ రోజున నేను నయాపూల్ సిగ్నల్ దగ్గర స్కూటీ మీద ఉన్నాను. ఫోన్ మోగింది.

"మేడం, అయిపోయింది."

"ఏమడిగిండు?"

"మొదలు మంచిగనే అడిగిండు. తర్వాత ఫైలు మూసి, ఆ రోజు తప్పెవరిదమ్మా అన్నడు."

"గట్లడిగిండా? నిన్ను? నువ్వేమన్నవ్?"

"తప్పెవరిదో చూసేంత టైమ్ మాకు దొర్కలే సార్, కింద కూసోని ఏరుకుంటుంటిమి అన్న."

సిగ్నల్ పచ్చగా మారింది.

"నవ్విండు మేడం. ఆ మేడం ఇప్పుడెట్ల ఉన్నరు అన్నడు. ఇంకా కోపంగనే ఉన్నరు సార్ అన్న."

"ఏయ్! సీటు సంగతి చెప్పు ముందు!"

"సోమవారం నుంచి డిప్లొమా క్లాసులకు రమ్మన్నరు మేడం."

వెనక ఆటోవాళ్లు, బైకులు, ఒక సిటీ బస్సు, అందరూ ఒకేసారి హారన్లు కొడుతున్నారు. "పచ్చ పడ్డది కనపడతలేదా?" అని ఒకాయన కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. నేను స్కూటీ మీద వెనక్కి తిరిగి అంతకంటే గట్టిగా అరిచాను.

"ఆగు భాయ్! మా పిల్లకు సీటొచ్చింది!"